పార్స్లీ టీ ప్యాకెట్: ఆకు బాగానే ఉంది, వెనక రాతలే బాలేవు

ముందే చెప్పేస్తున్నాను, ఆకుకి నాలుగు స్టార్లు, ప్యాకెట్ వెనక రాసిన దానికి ఒకటి కూడా ఎక్కువే, కానీ యాప్‌లో అన్నిటికీ కలిపి ఒకటే రేటింగ్ ఇవ్వాలి కాబట్టి రెండు పెట్టి వచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే రకం ప్యాకెట్లు ఇప్పుడు బోలెడు పేర్లతో తిరుగుతున్నాయి, కవరు రంగు మారుతుంది గానీ వెనక కథ మాత్రం ఒకటే. కిడ్నీలు శుభ్రం చేస్తుందట, రాళ్లు కరిగిస్తుందట, షుగర్ అదుపులో పెడుతుందట, క్యాన్సర్‌ని అడ్డుకుంటుందట, పైగా ఇదంతా "శాస్త్రీయంగా నిరూపితం". 50 గ్రాముల ఎండాకు, 349 రూపాయలు, డెలివరీ ఛార్జీ అదనం.

సరుకు సంగతి ముందు చూద్దాం. జిప్ ఉన్న పౌచ్, లోపల ముదురాకుపచ్చగా నలిపిన ఆకు, మధ్యమధ్యలో పసుపు తిరిగిన కాడ ముక్కలు కాస్త ఎక్కువే. అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపితే మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత సన్నగా ఒక ఘాటు. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు, పార్స్లీ కూడా ఆ ఇంటిదే, మధ్యధరా ప్రాంతంలో పుట్టింది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకి దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, అక్కడ బక్దూనిస్ పేరుతో కట్టలు కట్టలు అమ్ముతారు, తబ్బూలే అనే అరబ్బు సలాడ్ అంటే దాదాపు ఈ ఆకే. ఇక్కడ మాత్రం సూపర్‌మార్కెట్లో బ్రకోలీ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు పెట్టి కూర్చోబెడతారు.

టీ అయితే, చెంచాడు ఆకు కప్పులో వేసి మరిగిన నీళ్లు పోసి మూత పెడితే పదినిమిషాల్లో లేత పసుపుపచ్చ రంగు దిగుతుంది. రుచి పెద్దగా ఏమీ ఉండదు, కొంచెం నిమ్మరసం పిండితే తాగబుద్ధవుతుంది, మర్చిపోయి అరగంట వదిలేస్తే మాత్రం చేదు. నాకు టీగా కంటే ఆమ్లెట్‌లో నచ్చింది. ఉడకబెట్టిన బంగాళదుంప ముక్కల్ని వెన్నలో దోరగా వేయించి, దించే ముందు ఇది చల్లి మిరియాల పొడి వేస్తే పిల్లలు గిన్నె ఖాళీ చేశారు. కాబట్టి ఎండు మసాలా ఆకుగా కొనుక్కుంటే ధర కాస్త ఎక్కువనిపిస్తుంది తప్ప వేరే ఫిర్యాదు లేదు. ప్యాకింగ్ తేదీ ఉంది, ఆకు ఎప్పుడు కోసిందో లేదు, అది కూడా వేస్తే బాగుండేది.

ఇక అసలు గొడవ. కవరు మీద క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే "మా సైన్స్" అని ఒక పేజీ తెరుచుకుంటుంది, అందులో పరిశోధనల పేర్లు వరసగా పెట్టారు. నేను ఫార్మసీ చదివాను, ఇప్పుడు ఆ పనిలో లేకపోయినా పేపర్ చదవడం మర్చిపోలేదు, కాబట్టి ఒక ఆదివారం కూర్చుని ఆ పేపర్లు తీసి చదివాను. ఒక మాట ఒప్పుకోవాలి, అవన్నీ నిజమైన పరిశోధనలే, దొంగ పేపర్లు కావు. తిరకాసు ఎక్కడంటే వాటిలో ఒక్కటి కూడా ఈ ప్యాకెట్ గురించి కాదు.

మొదటిది కిడ్నీ. వీళ్లు అన్నిటికంటే పైన పెట్టింది 2002లో బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ప్రయోగం. ఎలుకలకి తాగే నీళ్ల బదులు పార్స్లీ సారం పెట్టారు, 24 గంటల మూత్రం కొలిచారు, మామూలు నీళ్లు తాగినప్పటికంటే బాగా పెరిగింది. ఎందుకు పెరిగిందో కూడా వెతికారు, మంచి పని. కిడ్నీ కణాల్లో సోడియంని బయటికీ పొటాషియంని లోపలికీ నెట్టే పంపు ఒకటుంటుంది, ఈ సారం దాన్ని మందగింపజేస్తోంది, దాంతో ఉప్పూ నీరూ ఒంట్లోకి తిరిగి చేరకుండా మూత్రంలో వెళ్లిపోతున్నాయని తేల్చారు. బాగుంది. కానీ వాళ్లు వాడింది పార్స్లీ గింజల సారం. ప్యాకెట్లో ఉన్నది ఆకు.

చాట్‌లో కస్టమర్ కేర్ వాళ్లని ఇదే అడిగాను, "మీరు చూపిస్తున్న పరిశోధన గింజల మీద కదండీ, మీరు అమ్మేది ఆకు కదా" అని. "మొక్క ఒకటే కదా మేడమ్, బెనిఫిట్స్ సేమ్ ఉంటాయి మేడమ్" అని జవాబొచ్చింది. ధనియాలు, కొత్తిమీర కూడా ఒకే మొక్కవి, అలా అని సాంబారు పొడిలో ధనియాల బదులు కొత్తిమీర ఎండబెట్టి దంచి వేస్తామా? గింజలో నూనె శాతం వేరు, అందులో ఉండే పదార్థాలు వేరు, ఆ తేడా ఎంత పెద్దదో కింద చెప్తాను.

ఆకు టీనే మనుషులకి ఇచ్చి చూసిన ప్రయోగం కూడా ఒకటుంది, 2011లో సౌదీ అరేబియా నుంచి వచ్చింది. వీళ్ల పేజీలో అది లేదు, ఎందుకు లేదో ఫలితం చూస్తే మీకే అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న 20 మందిని తీసుకుని రెండు జట్లు చేశారు, ఒక జట్టు రోజుకి కనీసం 1200 మిల్లీలీటర్ల పార్స్లీ ఆకు టీ రెండు వారాలు తాగింది, రెండో జట్టు అంతే మోతాదు మామూలు సీసా నీళ్లు తాగింది, తర్వాత రెండు వారాలు విరామం ఇచ్చి జట్లు తారుమారు చేశారు. మూత్రం పరిమాణం, సోడియం, పొటాషియం, యూరిక్ యాసిడ్, రాళ్లు కట్టకుండా చూసే సిట్రిక్ యాసిడ్, ఇలా ఒక్కొక్కటీ కొలిచారు. చెప్పుకోదగ్గ తేడా ఎందులోనూ రాలేదు. నీళ్లు తాగినా ఒకటే, టీ తాగినా ఒకటే. చిన్న ప్రయోగమే, పైగా రాళ్లున్న రోగుల మీద చేసింది కాదు, ఇంకా చూడాలని ఆ పరిశోధకులే రాశారు. అయినా మన ప్యాకెట్‌కి అన్నిటికంటే దగ్గరగా ఉన్న పరీక్ష ఇదే, అందులో ఏమీ తేలలేదు.

రాళ్ల బాధ ఉన్నవాళ్లకి యూరాలజీ డాక్టర్లు చెప్పేది చాలా సాదా విషయం, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటన్ని నీళ్లు తాగమంటారు. పార్స్లీ టీ తాగి "నాకు బాగా పనిచేసింది" అని అయిదు స్టార్లు ఇచ్చినవాళ్ల రివ్యూలు చదివితే నాకు అదే అనిపించింది, రోజుకి నాలుగైదు కప్పులు అదనంగా నీళ్లు లోపలికి వెళ్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది గుర్తుందా, గుప్పెడు ఆకు నీళ్లలో మరిగించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజూ ఒక గ్లాసు తాగితే కిడ్నీల్లో మురికంతా కొట్టుకుపోతుందని. అందులో పార్స్లీనీ కొత్తిమీరనీ కలిపేసి ఒకటే అన్నట్టు రాశారు, రెండూ వేరు వేరు మొక్కలు. ఆ మెసేజ్‌కి కవరు తొడిగి ధర వేస్తే ఈ ప్యాకెట్ అవుతుంది. అసలు కిడ్నీ అనేది మురికి పేరుకుంటే కడుక్కునే జల్లెడ కాదు.

జర్మనీలో మూలికల మందుల్ని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం ఉండేది, కమిషన్ ఇ అంటారు. వాళ్లు పార్స్లీ ఆకునీ వేరునీ రోజుకి 6 గ్రాముల మోతాదులో, నీళ్లు బాగా తాగుతూ, మూత్రనాళాలు శుభ్రపడటానికీ ఇసుకలాంటి చిన్న రాళ్లు రాకుండా ఉండటానికీ వాడొచ్చని ఒప్పుకున్నారు. ఈ సంగతి కూడా కంపెనీ వాళ్లు తమ పేజీలో గొప్పగా రాసుకున్నారు. పక్కనే ఉన్న రెండు వాక్యాలు మాత్రం ఎగిరిపోయాయి. ఒకటి, గుండె గానీ కిడ్నీలు గానీ సరిగ్గా పనిచేయక ఒళ్లు నీరుపట్టిన వాళ్లు ఈ పద్ధతి జోలికి పోకూడదు. రెండు, గింజని వాళ్లు అసలు ఒప్పుకోలేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది ఆ మొదటి వాక్యం దాచినందుకే. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉన్న రాష్ట్రం మనది, ఊళ్లకి ఊళ్లు కిడ్నీ జబ్బుతో బాధపడుతుంటే కారణం ఇదీ అని తేల్చలేక దశాబ్దాలుగా పరిశోధకులు తల పట్టుకుంటున్నారు, పలాసలో దానికోసమే 2023లో ప్రత్యేకంగా 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అలాంటి చోట "కిడ్నీలను శుభ్రం చేస్తుంది" అని తెలుగులో అచ్చువేసి అమ్మితే దాన్ని ముందుగా కొనేది ఎవరు? కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని రిపోర్టు చేతిలో పట్టుకుని భయపడుతున్న మనిషే కదా. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం తగ్గించమని డాక్టర్లు చెప్తారు, ఆకుకూరల్ని కూడా ఉడికించి నీళ్లు వంపేసి తినమంటారు. ఎండు పార్స్లీలో 100 గ్రాములకి 2,600 మిల్లీగ్రాములకి పైగానే పొటాషియం ఉంటుంది. ఒక చెంచా టీలో అంత రాదు, నిజమే, అయితే వీళ్లు ఇచ్చిన చిన్న పుస్తకంలో "వేగంగా ఫలితం కావాలంటే" పొడి కొట్టి మజ్జిగలో రోజుకి మూడుసార్లు వేసుకోమని కూడా ఉంది. "కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగండి" అన్న ఒక్క లైను వేయడానికి చోటు లేకపోయిందా?

షుగర్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇస్తాంబుల్ పరిశోధకులు మందిచ్చి షుగర్ తెప్పించిన ఎలుకలకి పార్స్లీ సారాన్ని 28 రోజులు పట్టారు, ఒంటి బరువు కిలోకి 2 గ్రాముల చొప్పున. రక్తంలో చక్కెర తగ్గింది, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు మాత్రం కోలుకోలేదని వాళ్లే రాశారు. ఎలుక మోతాదుని మనిషికి మార్చే లెక్కలో ఆరో వంతుకి తగ్గించినా 70 కిలోల మనిషికి రోజుకి 20 గ్రాములు దాటుతుంది, అది కూడా ఆకు కాదు, సారం. షుగర్ మాత్ర ఆపేసి దీని మీద ఆధారపడతానని ఎవరైనా అంటే దండం పెట్టి ఆపండి.

క్యాన్సర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నిజంగానే ఆసక్తికరమైన విషయం ఉంది. పార్స్లీలో ఎపిజెనిన్ అనే పదార్థం ఉంటుంది, ఎండు పార్స్లీలో 100 గ్రాములకి దాదాపు 4,500 మిల్లీగ్రాములు, మనం తినే వాటిలో ఇంత ఉన్నది ఇంకొకటి దొరకడం కష్టం. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఎపిజెనిన్ పోస్తే పెరుగుదల ఆగుతుందని చాలా పేపర్లున్నాయి, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో రొమ్ము కణితుల మీద చేసిన పని 2011లో వచ్చింది. అవన్నీ నిజమే. మరి ఆకు తింటే అది రక్తంలోకి ఎంత వెళ్తుంది? జర్మనీలో దీన్ని నేరుగా కొలిచారు, 2006లో అచ్చయింది. 11 మందికి ఒంటి బరువు కిలోకి 2 గ్రాముల చొప్పున నీళ్లలో కాసేపు ఉడికించిన పార్స్లీ తినిపించారు, అంటే 70 కిలోల మనిషికి 140 గ్రాములు, మన లెక్కలో పెద్ద కట్టంతా ఒక్కసారే. ఏడు గంటలు దాటాక రక్తంలో ఎపిజెనిన్ గరిష్ఠంగా కనిపించింది, లీటరుకి సగటున 127 నానోమోల్. గాజు పళ్లెం ప్రయోగాల్లో మామూలుగా వాడేది లీటరుకి 10 నుంచి 50 మైక్రోమోల్ (ఒక మైక్రోమోల్ వెయ్యి నానోమోల్), అంటే దీనికి దాదాపు ఎనభై రెట్ల నుంచి నాలుగు వందల రెట్లు. తిన్నదాంట్లో మూత్రంలో కనిపించింది 0.22 శాతం. కట్టంతా తింటేనే పరిస్థితి ఇలా ఉంటే చెంచాడు టీ గురించి నేను వేరే చెప్పాలా?

యాంటీఆక్సిడెంట్, అంటే కణాలు పాడవకుండా కాపాడేది, అన్న మాటకి మాత్రం కొంచెం ఆధారం ఉంది. డెన్మార్క్‌లో 14 మందికి ఒక వారం భోజనంలో పార్స్లీ కలిపి ఇచ్చారు, 1999లో వచ్చింది ఆ పేపర్. ఎర్ర రక్తకణాల్లో రెండు ఎంజైములు పెరిగాయి, ఇంకో రెండు కదల్లేదు. రక్తంలోని ప్రొటీన్లు పాడవకుండా ఆగిందా అని చూస్తే ఆ కొలతలోనూ మార్పు లేదు. ఆకుకూర తింటే మంచిదే అనడానికి ఇది చాలు, దానికి పార్స్లీయే కావాలని లేదు.

విటమిన్ సి నారింజకి రెండు రెట్లకు పైగా అని కవరు ముందువైపే పెద్ద అక్షరాలతో వేశారు. అబద్ధం కాదు, పచ్చి పార్స్లీ 100 గ్రాముల్లో 133 మిల్లీగ్రాములు ఉంటుంది. నారింజ ఒక కాయ తింటాం, పార్స్లీ 100 గ్రాములు ఎవరు తింటారండీ? ఎండాకు చెంచాడు అంటే గ్రాము కూడా తూగదు, అందులో ఒక మిల్లీగ్రాము విటమిన్ సి ఉంటే గొప్ప, దాని మీద మళ్లీ మరిగే నీళ్లు పోస్తున్నాం. బండి మీద దొరికే జామకాయ ఒకటి కొనుక్కోండి, దాని ముందు ఇది దేనికీ పనికిరాదు.

ఇప్పుడు భద్రత. ఈ ప్యాకెట్ గురించి మా బాబాయ్‌కి తెలిసి గుంటూరు నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నాక్కూడా రెండు ప్యాకెట్లు తెప్పించు."

"వద్దు బాబాయ్, మీరు రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారు కదా."

"ఆకే కదమ్మా, అదేమన్నా మందా?"

బాబాయ్‌కి గుండెలో వాల్వ్ మార్చారు, అప్పట్నించీ మాత్ర వేసుకుంటూ, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్ట్ చేయించుకుంటుంటాడు. పచ్చి పార్స్లీలో 100 గ్రాములకి 1,640 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంది, పది గ్రాముల రెమ్మలు తింటే పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది దాటిపోతుంది. వార్ఫరిన్, అసినోకౌమరాల్ లాంటి మాత్రలు పనిచేసేదే విటమిన్ కె పనిని అడ్డుకుని, కాబట్టి ఉన్నట్టుండి ఇలాంటి ఆకు ఎక్కువ తింటే మాత్ర బలం తగ్గుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం వస్తుంది. న్యాయంగా చెప్పాలంటే విటమిన్ కె నీళ్లలో కరగదు, వడకట్టిన టీలోకి పెద్దగా దిగదు. ఆకు నమిలి మింగినా, పొడి మజ్జిగలో కలుపుకున్నా మాత్రం లోపలికి వెళ్తుంది. ఈ మాత్రలు వేసుకునేవాళ్లని ఆకుకూరలు మానేయమని ఎవరూ అనరు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినమంటారు, కొత్తది మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి ఒక మాట చెప్పమంటారు. ఇదంతా చెప్తే బాబాయ్ కాసేపు ఆలోచించి "సర్లే, అయితే మీ పిన్నికి తెప్పించు" అన్నాడు.

గర్భిణులకి హెచ్చరిక అసలే లేదు, దాన్ని నేను క్షమించలేను. గింజల విషయంలో తేడా కింద చెప్తానన్నాను కదా, ఇదీ అది. పార్స్లీ గింజల నూనెలో ఎపియోల్ అనే పదార్థం ఉంటుంది, గర్భసంచిని సంకోచింపజేస్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో దాన్ని నెలసరి రావడానికి మందుగా అమ్మారు, తర్వాత యూరప్‌లో గర్భం పోగొట్టుకోవడానికి గుట్టుగా వాడారు, కాలేయం, కిడ్నీలు పాడై ప్రాణాలు పోయిన వాళ్లున్నారు. 1930 ప్రాంతంలో ఎపియోల్ మందులో ట్రైఆర్థోక్రెసిల్ ఫాస్ఫేట్ అనే విషం కలిసి అమ్ముడుపోయి, వేసుకున్న ఆడవాళ్లకి కాళ్లు చచ్చుబడిపోయాయి. ఆమ్లెట్ మీద చల్లుకునే ఆకుతో అలాంటిదేమీ జరగదు, కడుపుతో ఉన్నవాళ్లు వంటలో కొద్దిగా వేసుకుంటే భయపడక్కర్లేదు. కానీ రోజుకి అయిదారు కప్పులు, గింజలు, నూనె క్యాప్సూల్స్, వీటి జోలికి మాత్రం పోవద్దు. ఇదే కంపెనీ "పార్స్లీ సీడ్ ఆయిల్ క్యాప్సూల్స్" కూడా అమ్ముతోంది, టీ ప్యాకెట్‌తో కలిపి కొంటే డిస్కౌంట్ అని కార్టులో చూపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రిటర్న్ పెడదామంటే తినే వస్తువు, జిప్ తెరిచాక తీసుకోం అన్నారు, అది సబబే. నా రివ్యూ మాత్రం మొదటిసారి పెట్టగానే "మార్గదర్శకాలకు విరుద్ధం" అని తీసేశారు, కంపెనీ పేరూ పేపర్ల లింకులూ తీసి మళ్లీ పెడితే ఉంచారు. ఆ "మా సైన్స్" పేజీ ఈరోజు కూడా అలాగే ఉంది, బీరూట్ పేపర్ పైనే ఉంది, సౌదీ పేపర్ లేదు.

వంటకోసం కొనాలనుకుంటే 50 గ్రాములది వద్దు, 20 గ్రాముల చిన్న సీసా ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా మసాలాల అరలో దొరుకుతుంది, తెరిచిన రెండు మూడు నెలల్లో వాసన పోతుంది కాబట్టి అంతే చాలు. పచ్చిది దొరికితే అదే కొనండి, ముడతలు పడ్డ ఆకు కంటే చదునుగా ఉండే ఆకుకి రుచి ఎక్కువ.